కన్నులకును చదువు కలదు

అక్షరములు నేర్చినవాడు గ్రంథమును చదువగలడు. కాని చూపు కలవారందరును చిత్రమును చూడగలరని చెప్పజాలము. కన్ను తెరచియుండుట వేరు, చూచుట వేరు. చెవిని బడిన ప్రతి మాటయు మనస్సున నిలువనట్లే, కంటి ముందు కదలిన ప్రతి బొమ్మయు మనము చూచిన బొమ్మ కాజాలదు. ముప్పదియేడు సంవత్సరములు ఉపాధ్యాయుడనై యుండియు నేనీ సత్యమును గ్రహింపలేదు. ఉద్యోగ విరమణము చేసిన పిమ్మట, ఫ్రాన్సు దేశమున ఎన్నడో నిర్మింపబడిన కొన్ని చలనచిత్రములు నాకు దానిని బోధించినవి. బాలబాలికలారా! ఆ చిత్రములను గూర్చియు, అట్టివానిని ఏ విధముగా చూడవలెనను విషయమును గూర్చియు నా అభిప్రాయమును మీకు చెప్పదలచితిని.

ముందుగా ఒక మాట ఒప్పుకొనవలెను. పాఠశాలలో ఉన్నన్నాళ్ళు నేను సినిమాకు మిత్రుడను కాను. పట్టణమున క్రొత్త చిత్రము విడుదలయైన దినమున హాజరుపట్టీ తెప్పించుకొని, రానివారి పేర్ల క్రింద ఎఱ్ఱసిరాతో గీతలు గీచెడివాడను. మరునాడు వారిని బల్ల యెక్కించి నిలుపుట నాకు అలవాటు. సినిమా చదువునకు శత్రువని నా నమ్మకము. ఆ నమ్మకమును నా మనుమరాలు సడలించినది.

ఆమె హైదరాబాదులో చిత్రకళ నభ్యసించుచున్నది. ఒక వేసవి సెలవులలో మా యింటికి వచ్చుచు పెట్టెలో బట్టలతోపాటు కొన్ని డీవీడీ బిళ్ళలు తెచ్చెను. మా టీవీ క్రింద చాలకాలముగా దుమ్ముపట్టి పడియున్న డీవీడీ ప్లేయరును శుభ్రముగా తుడిచి, ఒక సాయంకాలము, “తాతయ్యా! ఒక్క పావుగంట కూర్చోండి. నచ్చకపోతే ఆపేస్తాను” అనెను. పావుగంటయే కదాయని కూర్చుంటిని.

ఆ చిత్రము పేరు ‘చంద్రలోక యాత్ర’. 1902వ సంవత్సరమున నిర్మింపబడినది. మాటలు లేవు. పొడవైన టోపీలు పెట్టుకొన్న పండితులు సభ చేసి చంద్రునిపైకి పోవలెనని నిశ్చయింతురు. గుండువంటి వాహనములో కూర్చుందురు. దానిని పెద్ద ఫిరంగిలో పెట్టి పేల్చుదురు. ఆకాశమున చంద్రుడు మనుష్యముఖముతో నవ్వుచు క్రమక్రమముగా పెద్దవాడగును. అంతలో ఆ గుండు పోయి అతని కంటిలో గ్రుచ్చుకొనును! పండితులు దిగి చూతురు గదా, అచ్చట మనుష్యునికంటె ఎత్తైన పుట్టగొడుగులు. ఒకడు తన గొడుగును నేలలో గ్రుచ్చగా అదియు పుట్టగొడుగై పెరుగును. చంద్రలోకవాసులు గంతులు వేయుచు వత్తురు. గొడుగుతో ఒక్క దెబ్బ వేసినంతనే పొగయై మాయమగుదురు. మానవుడు నిజముగా చంద్రునిపై అడుగుపెట్టినది 1969లో. దానికి 67 సంవత్సరములు ముందుగానే ఒక మనుష్యుడు రంగుగుడ్డలతోను, కొయ్యపలకలతోను ఆ ప్రయాణమును పూర్తిచేసి వచ్చెను!

నేను చిన్నపిల్లవానివలె నవ్వితిని. అప్పుడు నా మనుమరాలు చిత్రమును వెనుకకు నడిపి, చంద్రముఖము పెద్దదగుచున్న చోట ఆపి, “తాతయ్యా! ఇక్కడ మనం చంద్రుడి దగ్గరికి వెళ్తున్నామా, చంద్రుడే మన దగ్గరికి వస్తున్నాడా?” అని అడిగెను. మనమే వెళ్ళుచున్నామని నేను వెంటనే బదులు చెప్పితిని. అది పొరపాటు. కెమెరా అంగుళమైనను కదలలేదట. చంద్రవేషధారిని మెడవరకు నల్లని ముఖమల్ గుడ్డతో కప్పి, కుర్చీలో కూర్చుండబెట్టి, ఏటవాలు బల్లపై ఆ కుర్చీని కప్పీలతో కెమెరా వైపు లాగిరట! నల్లని తెర ముందు నల్లని గుడ్డ కనబడదు. ముఖము మాత్రమే పెరుగుచున్నట్లుండును. ఇంత చిన్న ఉపాయమును నా కన్ను పట్టలేకపోయినది. వేలకొలది వ్రాతపుస్తకములలో అక్షరదోషములు పట్టిన కన్ను అది!

ఈ చిత్రమును తీసినవాడు జార్జ్ మెలియెస్. అతని జీవితము మీరు తెలిసికొనదగినది. అతడు 1861లో పారిస్ నగరమున జన్మించెను. తండ్రి పాదరక్షలు తయారుచేయించు వర్తకుడు. బాలుడైన మెలియెస్ పాఠములు వినుచునే పుస్తకముల అంచులపై ఉపాధ్యాయుల వికారరూపములు గీచెడివాడు. అందులకు దండనలు పొందెడివాడు. పెద్దవాడైన పిదప 1888లో పారిస్‌లోని ఒక ప్రసిద్ధ ఇంద్రజాల నాటకశాలను కొని, గారడీ ప్రదర్శనములు నడపెను.

1895 డిసెంబరు 28వ తేదీన లూమియేర్ సోదరులు పారిస్‌లో ఒక కాఫీ హోటలు నేలమాళిగలో తమ కదలుబొమ్మలను జనులకు చూపిరి. ఆ బొమ్మలే 1896 జూలై 7వ తేదీన మన దేశమునకు వచ్చి బొంబాయిలోని వాట్సన్ హోటలులో ప్రదర్శింపబడినవి. పారిస్ ప్రదర్శనమును చూచినవారిలో మెలియెస్ ఒకడు. ఆ యంత్రమును తనకు అమ్ముడని అతడు వేడెను. వారు అమ్మలేదు. మెలియెస్ ఊరకుండక లండనునుండి వేరొక ప్రదర్శన యంత్రమును తెప్పించి, దానిని తానే మార్చి కెమెరాగా చేసికొనెను. 1897లో పారిస్ శివారున మోంత్రయ్ అను చోట గోడలును కప్పును అద్దములతో ఒక చిత్రశాల కట్టించెను. ఆనాటి చిత్రములకు సూర్యుడే దీపము గదా!

అతనికి మొదటి ఉపాయము ఎట్లు దొరికెనో అతడే చెప్పుకొనెను. ఒకనాడు పారిస్ వీధిలో చిత్రము తీయుచుండగా కెమెరా ఒక్క నిమిషము చిక్కుకొని ఆగెనట. సరిచేసి మరల త్రిప్పెను. ఇంటికి వచ్చి చూడగా తెరపై పోవుచున్న ప్రయాణికుల బండి హఠాత్తుగా శవవాహనమాయెనట! ఏల? కెమెరా ఆగిన వేళ బండి సాగిపోయినది; ఆ చోటికి శవవాహనము వచ్చినది. లోకము నడచినది, ఫిల్ము నడవలేదు. మరియొకడైనచో ఫిల్ము పాడైనదని విసరికొట్టియుండును. మెలియెస్ ఆ పొరపాటునకు నమస్కరించి, దానిని విద్యగా మార్చుకొనెను. కెమెరా ఆపి మనిషిని తొలగించిన మాయమగును. గొడుగు తీసి పుట్టగొడుగు నిలిపిన మొలకెత్తినట్లుండును. 1900లో తీసిన ఒక చిత్రమున అతడొక్కడే ఏడుగురై వాద్యములు వాయించును. అదే ఫిల్మును మరల మరల వెనుకకు చుట్టి, ప్రతి మారును వేరొక చోట కూర్చుండి, ఏడుమారులు చిత్రించెను. ఒక్క మారు తాళము తప్పినచో ఏడును వ్యర్థము. ఇది మాయ యనుకొందమా? నేను దీనిని గణితమందును. అంతకు మించి ఓర్పు అందును.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెలియెస్ పుస్తకముల అంచులపై బొమ్మలు గీచి దెబ్బలు తినెనని విన్నప్పుడు, నాకు ఒక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. ఆఱవ తరగతి చదువుచుండెడివాడు. లెక్కల నోటుపుస్తకము వెనుక పుటలనిండ బొమ్మలు. రెక్కలున్న ఎద్దుబండి, తాటిచెట్టు కొనకు కట్టిన పడవ, నిచ్చెన వేసికొని చంద్రునికి సున్నము కొట్టుచున్న మనుష్యుడు. చివరి పుటలో బెత్తమును రెక్కగా కట్టుకొని పాఠశాలపై ఎగురుచున్న నేను! తరగతి అంతయు నవ్వినది. నేను ఆ పుస్తకమును లాగుకొంటిని. సంవత్సరాంతమున చెత్తకాగితములతోపాటు అదియు పెరటిలో కాలిపోయినది. ఆ బాలుడు మరల నా యెదుట బొమ్మ వేయలేదు. అది క్రమశిక్షణయని నేను సంతోషించితిని.

అగ్ని అనగా మెలియెస్ కథలోని దుఃఖఘట్టము గుర్తువచ్చును. అతడు ఐదువందలకు పైగా చిత్రములు తీసెను. కాని కాలము మారినది. జనుల అభిరుచి మారినది. అప్పులు పెరిగినవి. 1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. సైన్యమువారు అతని చిత్రముల ప్రతులను అనేకము తీసికొని కరగించి, ఆ పదార్థముతో సైనికుల బూట్లకు మడమలు చేయించిరి. పాదరక్షల వ్యాపారము విడిచి కళకు వచ్చినవాని కళ మరల పాదరక్షలలోనికే పోయినది! 1923లో చిత్రశాల చేయి దాటిపోవు సమయమున, మెలియెస్ తీవ్రమైన నిరాశలో, తన వద్ద మిగిలిన మూల ఫిల్ములను తన చేతులతోనే తగులబెట్టెను. అటుపిమ్మట పారిస్‌లోని మోంపర్నాస్ రైలుస్టేషనులో భార్యతోకూడ ఒక చిన్న అంగడిలో బొమ్మలును, మిఠాయిలును అమ్ముకొనుచు బ్రతికెను. ప్రక్కనుండి రైలుకు పరుగెత్తువారిలో ఎందరో బాల్యమున అతని చిత్రములు చూచి చప్పట్లు కొట్టినవారే యైయుందురు. వారిలో ఎవరికి తెలియును, ఆ చిలుకబొమ్మ ఇచ్చిన చేయి ఎవరిదో?

అదృష్టవశమున కొందరు పత్రికారచయితలును, చిత్రాభిమానులును అతనిని గుర్తించిరి. 1929లో పారిస్‌లో అతని గౌరవార్థము పెద్ద సభ జరిగినది. 1931లో ఫ్రెంచి ప్రభుత్వము గౌరవపతకము నిచ్చెను. 1938లో అతడు కన్నుమూసెను. పోయిన చిత్రములు పోయినవి. కాని ఆయా దేశములలో చెదరియున్న ప్రతులనుండి రెండువందలకు పైగా నేడు లభించుచున్నవి.

చంద్రలోక యాత్రకు చేతితో రంగులు వేసిన ప్రతులును ఉండెడివి. స్త్రీలు వరుసగా కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు చొప్పున, తపాలా బిళ్ళ ప్రమాణమైన బొమ్మలపై సన్నని కుంచెతో రంగులు వేయుచుండిరి. అట్టి ప్రతి ఒక్కటియు మిగులలేదని లోకము నమ్మినది. 1993లో బార్సిలోనా నగరపు చిత్రభాండాగారమునుండి ఒకటి బయటపడినది. అది అతుకుకొనిపోయి చెక్కముద్దవలె గట్టిపడియుండెను. నిపుణులు దానిని ఔషధపు ఆవిరులతో మెత్తబరచి, పొరపొరగా విడదీసి, పదమూడువేలకు పైగా ఉన్న బొమ్మలను ఒక్కొక్కదానిని నకలు తీసి బాగుచేసిరి. ఆ పని 2010లో ముగిసి, 2011లో కాన్ నగర చిత్రోత్సవమున ప్రదర్శింపబడినది. మా యింట నేను చూచినది ఆ రంగుల ప్రతియే. కాల్చినవాడు ఒక్క నిమిషములో కాల్చును. కాపాడువారికి సంవత్సరములు పట్టును.

ఇప్పుడు ఇంటివద్ద చూచు చిత్రములను గూర్చి చెప్పెదను. సినిమాహాలులో వేయిమందితో కూడి పెద్దతెరపై చూచు ఆనందము వేరు. దానిని నేను కాదనను. అది హరికథ వినుటవంటిది. దాసుగారు ఒక పద్యము చదివి ముందుకు సాగిపోవుదురు. మనకు అర్థమైన అర్థమైనది, లేనిచో లేదు. ఇంటివద్ద చిత్రమును చూచుట గ్రంథమును చేతబట్టి చదువుటవంటిది. పుట వెనుకకు త్రిప్పవచ్చును. ఒక పద్యమువద్ద గడియసేపు నిలువవచ్చును. ప్రక్కవారి నడిగి సందేహము తీర్చుకొనవచ్చును. పూర్వము వీడియో క్యాసెట్టు, పిదప డీవీడీ మనకు ఇచ్చిన గొప్ప వరమిది. నేడు క్యాసెట్లు మూలబడినవి, డీవీడీల వాడుకయు తగ్గినది. సాధనము ఏదైనను, ‘ఆపి చూచుట, మరల చూచుట’ అను రెండు శక్తులను మనము పోగొట్టుకొనరాదు.

ఆ సెలవులలో నేను చూచిన మరికొన్ని చిత్రములను చెప్పెదను. ‘సుందరి – మృగము’ అను చిత్రమును జాఁ కొక్తో అను కవి 1946లో తీసెను. కథ ఫ్రాన్సులో రెండువందల ఏండ్లనాటిది. తండ్రి ప్రాణమునకై ఒక కన్య భయంకరమైన మృగరూపుని కోటకు పోవును. క్రమముగా అతని మంచి హృదయమును తెలిసికొనును. ఆ కోటలో గోడలనుండి మనుష్యుల చేతులు బయటికి వచ్చి దీపములను పట్టుకొనియుండును. మనిషి నడచుకొలది ఆ చేతులు కదలి దారి చూపును, కొవ్వొత్తులు వాటియంతటవే వెలుగును. పొయ్యి ప్రక్కనున్న శిలాముఖములు కన్నులు త్రిప్పి చూచును, ముక్కులనుండి పొగ విడుచును. కన్య నడవలో కాలు కదపకయే తేలిపోవును.

ఆ మాయలన్నియు ఏ ధనరాశులతో చేసిరనుకొందురు? రెండవ ప్రపంచయుద్ధము అప్పుడే ముగిసినది. ఫ్రాన్సులో ఫిల్ము కఱవు, విద్యుత్తు కఱవు. దీపములు ఆరిపోయిన పని ఆగెడిది. దర్శకుడు చర్మవ్యాధితో ఆసుపత్రి పాలయ్యెను. మృగవేషధారి జాఁ మరే ముఖమున వెండ్రుకలు అతికించుటకే సుమారు ఐదు గంటలు పట్టెడిది. అయినను పని సాగినది. గోడల వెనుక మనుష్యులు నిలిచి రంధ్రములగుండ చేతులు చాచిరి. కొవ్వొత్తులను వరుసగా ఆర్పుచు చిత్రించి, ఆ ఫిల్మును వెనుకనుండి ముందునకు నడిపిరి, ఆరినవి వెలిగినట్లాయెను. కన్యను చక్రముల పలకపై నిలిపి లాగిరి. చిత్రారంభముననే కొక్తో ప్రేక్షకులను ఒక్కటి యాచించును: పసిపిల్లల నమ్మకమును కొంచెము తనకు ఇయ్యవలెనని. కోట్ల రూపాయలకంటె ఆ నమ్మకమే అతనికి పెద్ద పెట్టుబడి.

ఇది చూచుచుండగా నాకు మన ‘మాయాబజార్’ తలపునకు వచ్చెను. కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున 1957లో వెలువడిన ఆ చిత్రమును నేను బాల్యమున డేరాహాలులో నేలపై కూర్చుండి చూచితిని. ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు ఎగిరిపోవుచుండగా కడుపుబ్బ నవ్వితిమి. నవ్వుటయే కాని, ‘ఇది ఎట్లు చేసిరి?’ అని మాలో ఒక్కడును అడుగలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కంప్యూటరు లేని దినములలో కెమెరాతోనే ఆ మాయలు చేసెను. పారిస్‌లో మెలియెస్ పట్టుకొన్న విద్యయే సముద్రములు దాటి మదరాసు చిత్రశాలలకు వచ్చినది. ఫ్రెంచి చిత్రములు చూచిన పిదప నేను మాయాబజార్‌ను మరల తెప్పించుకొని, లడ్డూలవద్ద ఆపి ఆపి చూచితిని. బాల్యమున నవ్వినంతయు మరల నవ్వితిని. ఈ మారు నమస్కారము కూడ చేసితిని.

ఆల్బేర్ లమోరిస్ 1956లో తీసిన ‘ఎఱ్ఱబుడగ’ అరగంటకు కొంచెము మించిన చిత్రము. మాటలు మిక్కిలి తక్కువ. పారిస్‌లోని ఒక పేటలో ఒక బాలునికి ఎఱ్ఱని గాలిబుడగ దొరకును. అది కుక్కపిల్లవలె అతని వెంట తిరుగును. బడికిని వచ్చును. దానివలన అల్లరి కలుగగా ప్రధానోపాధ్యాయుడు బాలుని గదిలో పెట్టి తాళము వేయును. బుడగ ఆ పెద్దమనిషిని వీధులవెంట వెంబడించును! ఆ ఘట్టమున నా మనుమరాలు నావైపు చూచి నవ్వెను. నేను తెరవైపు చూచితిని. కడకు అల్లరిపిల్లలు బుడగను రాళ్ళతో కొట్టి చంపుదురు. అప్పుడు నగరములోని బుడగలన్నియు త్రాళ్ళు తెంచుకొని వచ్చి, ఏడ్చుచున్న ఆ బాలుని ఆకాశమునకు ఎత్తుకొనిపోవును. ఆ బాలుడుగా నటించినది దర్శకుని కుమారుడే. ఆ పేటలోని పాతవీధులలో పెక్కింటిని తరువాత కూలద్రోసిరి. నేడు అవి ఆ చిత్రమునందే మిగిలియున్నవి.

పోల్ గ్రిమో అను చిత్రకారుని కథ ఇంకను విచిత్రము. అతడును, కవి జాక్ ప్రెవేరును కలసి ఒక బొమ్మల చిత్రమును యుద్ధానంతరము ప్రారంభించిరి. మెల్లకన్ను గల ఒక గర్విష్ఠి రాజు. తనకు నచ్చనివారిని మీట నొక్కి నేలగుంటలో పడవేయును. ఒక రాత్రి గోడమీది అతని పటములోని రాజు దిగివచ్చి నిజమైన రాజునే గుంటలోనికి త్రోసి సింహాసన మెక్కును! ఈ చిత్రము పూర్తికాకమునుపే, గ్రిమో సమ్మతి లేకయే, 1953లో విడుదల చేయబడినది. అతడు నిరుత్సాహపడలేదు. చాల సంవత్సరములకు దానిపై హక్కులు సంపాదించి, ప్రెవేరుతో కలసి కథను సరిదిద్ది, క్రొత్త బొమ్మలు గీచి, ‘రాజు – పక్షి’ అను పేర 1980లో లోకమునకు ఇచ్చెను. ప్రెవేరు అప్పటికే 1977లో మరణించెను. ఒక్క గంటన్నర చిత్రమునకు ముప్పది సంవత్సరములకు పైగా తపస్సు! అందలి చివరి దృశ్యమున, శిథిలములపై కూర్చున్న మహాయంత్రము ఒక చిన్న పక్షిని పంజరమునుండి మెల్లగా విడిచిపెట్టి, ఆ పంజరమును పిడికిలితో చితుకగొట్టును. ఒక్క మాటయు లేదు. స్వాతంత్ర్యమును గూర్చి నేను తరగతులలో చెప్పిన ఉపన్యాసములన్నియు ఆ పిడికిలి ముందు వెలవెలబోయినవి.

మిషెల్ ఒస్లో అను దర్శకుడు నల్లకాగితమును కత్తిరించి, వెనుక దీపపు కాంతి నిలిపి తీసిన కథలును కలవు. అవి మన తోలుబొమ్మలాట తెరను తలపించును. అతని బాల్యము ఆఫ్రికాలోని గినీ దేశమున గడచినది. 1998లో అతడు తీసిన ‘కిరికు’ అను చిత్రమున, మిక్కిలి చిన్నవాడైన బాలుడు గ్రామమును పీడించు మంత్రగత్తెను చూచి అందరివలె భయపడడు. ‘ఆమె ఎందుకు దుష్టురాలైనది?’ అని అడుగును. ఆమె వీపున విషపుముల్లు గ్రుచ్చుకొనియున్నదని కనుగొని దానిని పెరికివేయును. ప్రశ్నయే ఆ బాలుని ఆయుధము.

కొందరు పెద్దలు నాతో వాదింతురు. నేటి కంప్యూటరు చిత్రములలో ఇంతకు నూరంతల అద్భుతములున్నవి గదా, ఈ పాతబొమ్మలు పిల్లలకు ఏలయని అందురు. కంప్యూటరును నేను నిందింపను; అదియు మనుష్యుని బుద్ధియే. కాని నేటి చిత్రమున అద్భుతము ఎట్లు జరిగెనో బాలునికి తెలియదు; తెలియకపోవుటచే తాను చేయలేననుకొనును. మెలియెస్ చిత్రమును ఆపి చూచిన బాలుడు, ఒక నల్లగుడ్డ, ఒక కుర్చీ, కొంత ఓర్పు ఉన్న తానును చేయగలననుకొనును. చూచువానిని చేయువానిగా మార్చు విద్యయే గొప్ప విద్య.

రహస్యము తెలిసిన మాయ రుచించునాయని మరికొందరి శంక. వ్యాకరణము నేర్చినందున పద్యము చేదగునా? సంధి విడదీసి చూచినవానికే కవి నేర్పు బోధపడును. ఫ్రెంచి భాష రానివారికి ఈ చిత్రములెట్లు అర్థమగునని అడుగువారికి నా సమాధానము చిన్నది. చంద్రుని కంటిలో గుండు గ్రుచ్చుకొన్నప్పుడు నవ్వుటకు ఏ భాషయు అక్కరలేదు. మాటలున్నచోట తెరక్రింద అనువాదము వచ్చును.

మిగిలిన ఆక్షేపణ నేను స్వయముగా చేసెడివాడను: సినిమా కాలమును మ్రింగును, చదువును చెఱచునని. అందులో సత్యము లేకపోలేదు. సెల్‌ఫోనులో బొమ్మ వెంట బొమ్మను వ్రేలితో త్రోసికొనుచు రాత్రి పన్నెండు గంటలవరకు మేల్కొనియుండు బాలురను నేను చూచుచున్నాను. వారు వేయి బొమ్మలు చూతురు. మరునాడు అడిగిన ఒక్కదానిని చెప్పలేరు. అది తినుట కాదు, నోటిలో వేసికొని ఉమియుట. నేను చెప్పునది దానికి విరుద్ధమైన మార్గము. నెలకు ఒక్క మంచి చిత్రము చాలును. మొదట పెద్దలతో కూర్చుండి, ఆపక, ఆనందముతో చూడుడు. మరునాడు మీకు ఆశ్చర్యము కలిగించిన ఒక్క చోటును ఎన్నుకొని, ఆపి, ‘దీనిని ఎట్లు చేసిరి?’ అని చర్చించుడు. మూడవనాడు చిత్రమును కట్టివేసి, ఒక కాగితమును తీసికొని, మీకు తోచిన అద్భుతమును మీరే గీయుడు. వంకరగా వచ్చిన రానిండు. మెలియెస్‌కు మొదటి పాఠము చెప్పినది చిక్కుకొన్న కెమెరాయే గదా.

ఉపాధ్యాయులకును, తలిదండ్రులకును ఒక విన్నపము. పుస్తకపు అంచుపై మీకు ఒక వింతబొమ్మ కనబడినచో, తొందరపడి చింపకుడు. లెక్క తప్పినచో లెక్కను దిద్దుడు. బొమ్మను చూచి, ‘ఇది ఏమిటి నాయనా?’ అని అడుగుడు.

నేను తగులబెట్టిన నోటుపుస్తకమును బార్సిలోనాలో ఎవరును దాచియుంచలేదు. అందలి రెక్కల ఎద్దుబండి నాకు తప్ప మరెవరికిని జ్ఞాపకముండకపోవచ్చును. ఆ బాలుడు నేడు నలుబది యేండ్లవాడై యుండును. ఎచ్చటనున్నాడో నాకు తెలియదు. అతనికి ఈయవలసిన పుస్తకమునకు బదులుగా ఈ మాటలను మీకు ఇచ్చుచున్నాను. చంద్రునికి నిచ్చెన వేయువానిని చూచి మీలో ఎవ్వరును నవ్వకుందురుగాక. నిచ్చెన క్రింద పట్టుకొని నిలుతురుగాక.